ఆపరేషన్ ముందు సంతకం: నల్లగొండ, పాలమూరు దవాఖానల్లో ఈ సేవకు ఎన్ని మార్కులు?

దవాఖాన ఎట్లుందని ఎవరైనా అడిగితే డాక్టర్ హస్తవాసి గురించి చెప్తాం, బిల్లు గురించి చెప్తాం, బాత్రూమ్‌ల కంపు గురించి కూడా చెప్తాం. ఆపరేషన్‌కు ముందు మన దగ్గర సంతకం ఎట్లా తీసుకున్నారన్నది మాత్రం ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అది కూడా దవాఖాన మనకు ఇవ్వాల్సిన సేవే. ఏం చేయబోతున్నారు, ఎందుకు, ఏం తేడా జరగొచ్చు, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది అనేవి మనకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఆ తర్వాత ఒప్పుకోలు తీసుకోవడం. ఇక్కడ మార్కులు వేస్తున్నది ఈ ఒక్క సేవకే. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల సర్కారు దవాఖానల్లో, నర్సింగ్ హోమ్‌లలో మామూలుగా నడిచే పద్ధతి గురించే ఈ రివ్యూ. ఏ ఒక్క దవాఖానా పేరు పెట్టడం లేదు.

ముందే చెప్పేస్తే: కాగితం పనికి పదికి ఎనిమిది. మాట పనికి పదికి మూడు. మత్తు గురించి చెప్పే పనికి రెండు ఇవ్వడమే ఎక్కువ.

కాగితానికి ఎనిమిది ఎందుకంటే, సమ్మతి పత్రం లేని కేస్ షీట్ ఇప్పుడు దాదాపు కనిపించదు. బీమా కంపెనీ అడుగుతుంది, ఆరోగ్యశ్రీ అడుగుతుంది, రేపు కేసు అయితే కోర్టు అడుగుతుంది. అందుకే పత్రం పక్కాగా ఉంటుంది. పైన పేరు, వయసు, ఐపీ నంబర్. కింద 'నాకు నా భాషలో అన్నీ వివరించారు, నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను' అని అచ్చేసిన వాక్యం. మధ్యలో ఆపరేషన్ పేరు రాయడానికి ఒక ఖాళీ గీత. పోయిన రెండు మార్కులు ఆ గీత దగ్గరే పోయాయి. పొద్దున ఆపరేషన్ల లిస్టు ఉంటే ముందు రాత్రి డ్యూటీ సిస్టర్ ఫైళ్లన్నీ తయారుగా పెట్టాలి. సర్జన్ ఇంకా రాలేదు, ఏ పేరు రాస్తాడో ఆమెకు తెలియదు. దాంతో గీత ఖాళీగా ఉండగానే కింద సంతకమో వేలిముద్రో పడిపోతుంది. పేరు తర్వాత ఎక్కుతుంది, అదీ పొడి అక్షరాల్లో. 'టీఏహెచ్ విత్ బీఎస్ఓ' అని రాసి ఉంటే అర్థం పొట్ట కోసి గర్భసంచి తీయడం, దాంతోపాటు రెండు అండాశయాలూ రెండు ట్యూబులూ తీసేయడం. ఆ చివరి మూడు అక్షరాలు ఒక ఆడమనిషి ఒంట్లో అండాశయాలు ఇచ్చే హార్మోన్లను ఒక్కరోజులో ఆపేస్తాయి. ఆమె చదవలేని భాషలో, ఆమె సంతకం పెట్టిన తర్వాత, ఆమె పేరు మీదే ఆ మాట చేరుతుంది.

కాబట్టి మొదటి జాగ్రత్త చిన్నదే. గీత నిండాకే సంతకం. 'సిస్టరమ్మా, ఇక్కడ ఏ ఆపరేషనో రాసినంక పెడతం' అంటే ఎవరూ కాదనలేరు. కుడి, ఎడమ ఉన్న భాగమైతే, అంటే కన్ను, హెర్నియా, మోకాలు, కిడ్నీ లాంటివైతే, ఏ వైపో కూడా అక్షరాల్లో రాయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల సర్జరీ చెక్‌లిస్టులో మత్తు ఇవ్వకముందే రోగితో సరిచూసుకోవాల్సినవి ఇవే: మనిషి ఎవరు, ఏ వైపు, ఏ ఆపరేషన్, ఒప్పుకున్నాడా లేదా.

ఇక మాట. మాటకు మూడే మార్కులు రావడానికి అసలు కారణం వేళ. సంతకం తీసుకునే వేళ చూస్తే చాలు, ఆ దవాఖాన ఎట్లాంటిదో తెలిసిపోతుంది. బాగా చేసే చోట ముందురోజు సాయంత్రం, వార్డులో, మంచం దగ్గర కుర్చీ వేసుకుని చెప్తారు. మామూలు చోట పొద్దున ఆరింటికి, గ్లూకోజ్ సూది పెడుతూ చెప్తారు. బాగా లేని చోట ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు, ఆకుపచ్చ గౌను తొడిగి స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక కాగితం ముందుకు వస్తుంది. ముందురాత్రి మంచం దగ్గర 'వద్దు, ఇంకొకసారి ఆలోచిస్త' అనగలిగిన మనిషి స్ట్రెచర్ మీద అనలేడు. అడ్వాన్స్ కట్టి ఉంటాడు, చుట్టాలు వచ్చి ఉంటారు, రాత్రి నుంచి పచ్చిమంచినీళ్లు కూడా ముట్టి ఉండడు. ఇంకో మెలిక ఉంది. భయం తగ్గడానికి ముందురాత్రో పొద్దునో మత్తు గోలీ ఇస్తుంటారు. ఆ గోలీ మింగాక పెట్టిన సంతకానికి విలువ తక్కువ. సంతకం ముందు, గోలీ తర్వాత. ఈ వరుస తప్పితే తప్పిందని సిస్టర్‌తో చెప్పొచ్చు.

రెండో కారణం చెప్పే మనిషి. కోసేది సర్జన్, చెప్పేది సిస్టర్. ఆమెకు ఆ ఆపరేషన్‌లో ఏం తేడా జరగొచ్చో వివరంగా తెలియకపోవచ్చు. తెలిసినా చెప్పే అధికారం తనకు లేదనుకుంటుంది. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. దాంతో మొదటి బ్యాచ్‌ల చదువు ముగిసిన చోట్ల సర్జన్‌కు, సిస్టర్‌కు మధ్య చిన్న డాక్టర్లు, అంటే శిక్షణలో ఉన్న హౌస్ సర్జన్లు చేరారు. ఇది మంచి మార్పు. హౌస్ సర్జన్ దగ్గర కొంచెం సమయం ఉంటుంది, ప్రశ్న అడిగితే విసుక్కోడు, చాలాసార్లు మన యాసలోనే మాట్లాడతాడు. కానీ అతనికీ సంతకం 'తెచ్చే' పనే అప్పజెప్తే పాత కథే మళ్లీ నడుస్తుంది.

ఊరి రోగులకైతే మూడో మనిషి ఉంటాడు, ఆర్ఎంపీ. పట్నం నర్సింగ్ హోమ్‌కు తోలుకొచ్చేదీ ఆయనే, 'ఏం కాదు, చిన్న ఆపరేషనే, మూడు దినాలల్ల ఇంటికి పోతవ్' అని చెప్పేదీ ఆయనే. రోగి నిజంగా ఒప్పుకునేది ఆ మాటకే. ఆ తర్వాత పెద్ద డాక్టర్ ఏం చెప్పినా తల ఊపడమే. ఆర్ఎంపీ మీద నమ్మకం తప్పని అనట్లేదు. అర్ధరాత్రి జ్వరమొస్తే పలికేది ఆయనే. కానీ గాల్ బ్లాడర్ ఆపరేషన్‌లో పైత్యనాళానికి దెబ్బ తగిలే అవకాశం వెయ్యిమందిలో ముగ్గురు నలుగురికి ఉంటుందని, లోపల బాగా అతుక్కుపోయి ఉంటే చిన్న రంధ్రాల పని ఆపి పొట్ట కోయాల్సి రావచ్చని ఆయన చెప్పడు. ఆ మాట ముందే విన్న రోగి, రంధ్రాలకు బదులు పెద్ద కుట్లతో బయటకు వచ్చినా తట్టుకుంటాడు. వినని రోగి మోసపోయాననుకుంటాడు. దవాఖానల ముందు జరిగే గొడవల్లో చాలావాటికి మొదలు ఇక్కడే ఉంటుంది. డాక్టర్లు తమ మేలు కోసమైనా ఈ పది నిమిషాలు పెట్టాలి.

ఇప్పుడు మత్తు సంగతి. నల్లగొండ జిల్లాలో దీన్ని ప్రత్యేకంగా చూడాలి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో వెన్నుపూసల మధ్య ఉండే బంధాలు (లిగమెంట్లు) ఎముకలా గట్టిపడి ఉండొచ్చు. నడుముకు వేసే మత్తు సూది ఆ బంధాల గుండానే లోపలికి పోవాలి. ఒకటికి నాలుగుసార్లు గుచ్చినా దారి దొరకకపోవచ్చు. అప్పుడు పూర్తి మత్తుకు పోవాలి. అక్కడ ఇంకో ఇబ్బంది, మెడ బిగుసుకుపోయి వెనక్కి వంగదు కనుక గొంతులోకి గొట్టం వేయడం కష్టమవుతుంది. పక్కటెముకలూ బిగుసుకుని ఉంటే ఊపిరి నిండా తీసుకోలేరు. అంటే ఇట్లాంటి మనిషికి హెర్నియా చిన్న ఆపరేషనే కావచ్చు, మత్తు మాత్రం పెద్దది. మత్తు డాక్టర్ ముందురోజే వచ్చి నడుము వంచమని, మెడ ఎత్తమని, నోరు తెరవమని చూసి, 'నడుము సూది కుదరకపోతే పూర్తి మత్తు ఇస్తం, ఒప్పుకుంటవా పెద్దాయనా' అని అడిగి, ఆ రెండో మాట కూడా కాగితంలో రాయాలి. కాళ్లలో ముందునుంచే తిమ్మిరి, బలహీనత ఉంటే అది కేస్ షీట్‌లో ఎక్కాలి. ఫ్లోరోసిస్‌లో వెన్నుపాము ఒత్తుకుపోయి కాళ్లు పడిపోయే ప్రమాదం తనంతట తానే ఉంటుంది. ముందు రాసుకోకపోతే తర్వాత 'సూది వల్లే కాళ్లు పోయినయ్' అని జీవితాంతం అనుకుంటారు, ఎవరూ కాదని రుజువు చేయలేరు.

చిన్న దవాఖానల్లో ఇది జరగకపోవడానికి కారణం, మత్తు డాక్టర్ అక్కడ ఉండడు. ఒకే డాక్టర్ పొద్దున ఒక దవాఖాన, మధ్యాహ్నం ఇంకోటి తిరుగుతాడు. రోగిని మొదట చూసేది బల్ల మీదే. అందుకే ఆపరేషన్ సమ్మతి, మత్తు సమ్మతి అని రెండు పత్రాలు ఉండాల్సిన చోట ఒకే పత్రంలో ఒక్క లైనుతో సరిపెడతారు. నడుము సూది తర్వాత కొందరికి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తుందని, చాలామందికి వారంలోపు పోతుందని, తగ్గకపోతే చికిత్స ఉందని ఆ ఒక్క లైను చెప్పదు. నడుము సూది తీసుకున్నవాళ్లలో 'జీవితాంతం నడుము నొప్పి ఆ సూది వల్లే' అన్న నమ్మకం మన దగ్గర ఇంత గట్టిగా పాతుకుపోవడానికి ఎవరూ కూర్చుని చెప్పకపోవడం ఒక కారణం.

గర్భసంచి ఆపరేషన్ల దగ్గర కాస్త ఆగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత, 2015-16 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట, నడుము నొప్పి, నెలసరి ఎక్కువ కావడం లాంటివాటికి మందులు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం, చిన్న చికిత్సలు ఎన్నో ఉన్నాయి. వేరే దారి చెప్పకుండా తీసుకున్న సంతకం సగం సంతకమే. 'తీయకపోతే క్యాన్సర్ అయితది' అన్న ఒక్క మాటతో ముప్పై అయిదేళ్ల మనిషి ఒప్పుకుంటే, అది భయానికి వేసిన సంతకం. ఈ విషయంలో 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి సర్జన్‌కూ తెలిసి ఉండాల్సిందే. పరీక్ష కోసం లాపరోస్కోపీకి (చిన్న రంధ్రంలోంచి కెమెరాతో లోపల చూడటానికి) ఒప్పుకుని మత్తులో ఉన్న మహిళకు, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదని కోర్టు తేల్చింది. పరీక్షకు ఇచ్చిన ఒప్పుకోలు చికిత్సకు పనికిరాదు. ఆ క్షణం ఆగితే ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు అంటే తప్ప, ఇంకో భాగం తీయాలంటే రోగి లేచాక రోగినే అడగాలి. నూటికో కోటికో జరిగే ప్రతి ప్రమాదాన్నీ ఏకరువు పెట్టాల్సిన పని లేదని కూడా అదే తీర్పు చెప్పింది. ముఖ్యమైనవి దాచకూడదు, అంతే.

అయినా సమ్మతి పత్రాల్లో 'అవసరమైతే మరే ఇతర ఆపరేషన్ అయినా చేయవచ్చు' అన్న అచ్చు వాక్యం ఇంకా ఉంటుంది. దాన్ని కొట్టేయమని అడగనక్కర్లేదు. 'అవసరమైతే అంటే ఏమేం కావచ్చు సార్' అని అడిగి, ఆ పేర్లు పక్కన రాయించుకోవాలి. గర్భసంచి ఆపరేషన్ అయితే అండాశయాలు ఉంచుతారా తీస్తారా అన్న ప్రశ్న విడిగా అడగాలి.

ఎవరి సంతకం? పాలమూరులో ఈ ప్రశ్న రోజూ వస్తుంది. మొగుడు ముంబైలోనో పుణెలోనో పనిలో ఉంటాడు, భార్యకు ఆపరేషన్ పడుతుంది, 'మీ ఆయన వచ్చినంక చేస్తం' అని రెండు దినాలు ఆపుతారు. తెలివిలో ఉన్న, 18 ఏళ్లు నిండిన మనిషి తన ఒంటికి తానే సంతకం పెట్టాలి. ఆమె సంతకం ఉంటే చాలు. ఆయన సంతకం సాక్షిగా ఉంటే మంచిదే, లేకపోతే ఆపరేషన్ ఆగనక్కర్లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు కూడా భర్త ఒప్పుకోలు అక్కర్లేదని కేంద్రం మార్గదర్శకాలే చెప్తాయి. దీనికి అటువైపు ఉన్న తప్పు ఇంకా పెద్దది. మనిషి మాట్లాడగలిగి మంచం మీద కూర్చుని ఉండగా, ఆమెను వదిలేసి వరండాలో ఉన్న కొడుకుతోనో తమ్ముడితోనో మాట్లాడి అతని సంతకం తీసుకుని లోపలికి తోస్తారు. ముసలివాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. 'ఆయనకు చెప్పకండి సార్, భయపడతడు' అని ఇంట్లోవాళ్లే అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఒళ్లు ఆయనది.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల విషయంలో 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిన ఒక మాట ప్రతి ఆపరేషన్‌కూ పనికొస్తుంది. రోగికి తెలిసిన భాషలో వివరించాలి, ఆ తర్వాత మనసు మార్చుకోవడానికి సుమారు ఒక గంట వ్యవధి ఇవ్వాలి. ఈ గంట ఎక్కడైనా నిజంగా ఇస్తున్నారా అని చూడటం సులువు. పత్రం మీద వివరించిన టైమ్, సంతకం టైమ్ వేర్వేరుగా ఉంటాయా? దాదాపు ప్రతి పత్రంలో ఒకే టైమ్ ఉంటుంది, చాలావాటిలో అసలు టైమే ఉండదు. ట్యూబెక్టమీ చేయించుకున్నా మొదటి ఏడాదిలోనే వెయ్యిమందిలో ఐదుగురి దాకా మళ్లీ గర్భం రావచ్చన్న మాట కూడా ఆ గంటకు ముందే చెప్పాలి. నెల తప్పాక కాదు.

సిజేరియన్‌కు గంట ఇవ్వలేరు, నిజమే. అయితే తెలంగాణలో అదే కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21 లెక్కల ప్రకారం 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్లే. సగానికి పైగా జరిగేది అనుకోకుండా వచ్చిన పని ఎట్లా అవుతుంది? తొమ్మిదో నెల చెకప్‌లోనే ఏ పరిస్థితుల్లో కోస్తారు, ఏ పరిస్థితుల్లో ఆగుతారు, మళ్లీ కాన్పుకు దాని ప్రభావం ఏంటి అని చెప్పి పెట్టొచ్చు. నొప్పులు పడుతున్న మనిషి ముందు కాగితం పెట్టడం కన్నా ఇది వెయ్యిరెట్లు మేలు.

భాష గురించి రెండు మాటలే. పత్రం తెలుగులో ఉన్నా దేవరకొండ, చందంపేట తండాల నుంచి వచ్చిన పెద్దవాళ్లకు లంబాడీలో చెప్పేవాళ్లు కావాలి. మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ కావాలి. చాలా దవాఖానల్లో ఈ పని వార్డు బాయ్‌నో ఆయమ్మనో పిలిచి చేయిస్తారు, వాళ్లు బాగానే చేస్తారు కూడా. ఆ మనిషి పేరు సాక్షి గీత దగ్గర రాస్తే ఆ పనికి గౌరవమూ ఉంటుంది, బాధ్యతా ఉంటుంది.

రోగి పనిని బట్టి చెప్పడం ఇంకా అరుదు. హెర్నియాకు లోపల జాలీ (వలలాంటి ముక్క) వేశాక నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తొద్దంటారు. ఆఫీసు ఉద్యోగికి అది సరిపోతుంది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి మోకు ఎప్పుడు కట్టుకోవాలో, మిర్యాలగూడ రైస్ మిల్లు హమాలీకి బస్తా ఎప్పుడు మోయాలో తేదీతో చెప్పాలి. ఆ రోజుల కూలి పోవడం కూడా అతను ఒప్పుకోవాల్సిన నష్టాల్లో ఒకటి. చెప్పకపోతే పదిహేనో రోజు చెట్టెక్కుతాడు, జాలీ జరగొచ్చు, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు.

ఆరోగ్యశ్రీ కేసుల్లో ఒక వింత కనిపిస్తుంది. 2007 ఏప్రిల్‌లో ఈ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, కాబట్టి ఇక్కడివాళ్లకు రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర డెస్కు కొత్త కాదు. డిశ్చార్జి రోజు బిల్లు కాగితాలతోపాటు రోగి దగ్గర సంతృప్తి పత్రం తీసుకుంటారు. సంతోషంగానే సంతకం పెడతారు. నొప్పి తగ్గింది, చేతి పైసలు ఖర్చు కాలేదు, ఇంటికి పోతున్నారు. దాంట్లో ఆపరేషన్ ముందు మీకు ఏం చెప్పారు అన్న ప్రశ్నకు చోటు లేదు. సంతృప్తి కొలవాలంటే మూడు ప్రశ్నలు చాలు: మీ ఒంట్లోంచి ఏం తీశారు లేదా ఏం పెట్టారు? ఏం తేడా కనిపిస్తే వెంటనే రావాలి? ఈ ఆపరేషన్ కాకుండా వేరే దారి ఉండెనా? 'డాక్టర్ మంచిగ చెప్పిండు' అన్నవాళ్లలో ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. మర్యాదగా మాట్లాడినందుకు తృప్తి, అర్థమైనందుకు తృప్తి ఒకటి కాదు.

బాగా చేసే డాక్టర్లు ఈ జిల్లాల్లో ఉన్నారు, వాళ్లు చేసేది పెద్ద విద్యేమీ కాదు. కాగితం వెనక్కి తిప్పి పొట్ట బొమ్మ గీస్తారు, రాయి ఎక్కడుందో చుక్క పెడతారు, ఎక్కడ కోస్తారో గీత గీస్తారు. చివర్లో, 'ఇప్పుడు నేనేం చెప్పిన్నో మీ ఇంటోళ్లకు చెప్పినట్టు నాకు చెప్పమ్మా' అంటారు. తప్పు చెప్తే మళ్లీ మొదలుపెడతారు. అంతా పది నిమిషాలు. ఆ బొమ్మ ఉన్న కాగితాన్ని కేస్ షీట్‌లోనే ఉంచితే అంతకు మించిన రుజువు లేదు. అట్లాంటి చోట పదికి తొమ్మిది ఇవ్వొచ్చు, అది సర్కారు వార్డయినా సరే.

సంతకం పెట్టాక కూడా మత్తు ఇచ్చేలోపు వద్దనొచ్చు. ఆ హక్కు అట్లాగే ఉంటుంది. అప్పటిదాకా అయిన పరీక్షల ఖర్చు కట్టాల్సి రావచ్చు.

ఇంటికి పోయేటప్పుడు డిశ్చార్జి కాగితం ఒక్కటే తీసుకోకుండా సమ్మతి పత్రం, ఆపరేషన్ నోట్స్, మత్తు నోట్స్ జిరాక్సులు కూడా అడగాలి. 2002 వైద్య నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్లు దాచి ఉంచాలి. చిన్న దరఖాస్తు రాసిచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుంటే చాలు. వచ్చాక మొదట చూడాల్సింది ఒక్కటే: సమ్మతి పత్రంలో రాసిన ఆపరేషన్ పేరు, ఆపరేషన్ నోట్స్‌లో రాసిన పేరు ఒకటేనా. తేడా ఉంటే కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిన రోజు సర్జన్‌నే అడగాలి, ఎందుకు మారిందో ఆ కాగితం మీదే రాయించుకోవాలి.